కానుక కవరు మీద నా ఉద్యోగం

మా చర్చిలో ఒక అలవాటుంది. ఇంట్లో ఏ మేలు జరిగినా, గేదె ఈనినా, పిల్లాడు ఇంటర్ గట్టెక్కినా, మోకాలి నొప్పి తగ్గినా, తెల్ల కవర్లో కానుక పెట్టి, పైన కారణం రాసి, ఆదివారం కానుకల సంచిలో వేస్తారు. ప్రసంగం అయ్యాక పాస్టరు అయ్యగారు ఆ కవర్లన్నీ ఒక్కొక్కటే మైకులో చదువుతారు. ఒక్కో కవరుకి సంఘమంతా ఒక్కో "ఆమెన్" అంటుంది. నరసరావుపేటలో మా వీధివాళ్ళ చరిత్ర ఎవరికైనా కావాలంటే ఆ కవర్లు తిరగేస్తే సరిపోతుంది.

నా ఉద్యోగ చరిత్ర కూడా వాటి మీదే ఉంది. హైదరాబాదులో ఒక కంపెనీలో ఆరేళ్ళు పనిచేశాను. మా నాన్న రిటైరైన హెడ్మాస్టరు. నా హోదాకి ఒక కొత్త మాట తగిలినప్పుడల్లా ఇక్కడ ఆయన ఒక కవరు వేసేవాడు. "మా అమ్మాయి సీనియర్ అయినందుకు." ఆమెన్. "మా అమ్మాయి లీడ్ అయినందుకు." ఆమెన్. "మా అమ్మాయి అసోసియేట్ మేనేజర్ అయినందుకు." ఆమెన్, ఈసారి ఇంకాస్త గట్టిగా. అక్కడ ఆ అమ్మాయి చేసే పని మాత్రం చేరిన రోజు నుంచీ ఒకటే. వేరేవాళ్ళు చేసిన పనిని రంగురంగుల గడుల్లో పెట్టి, మధ్యలో బాణాలు గీసి, పైవాళ్ళకి చూపించటం. పైవాళ్ళు ఆ బాణాలు చూసి తలలూపి, వాళ్ళ పైవాళ్ళకి చూపించుకునేవాళ్ళు.

అక్కడ నా ఆఖరి ఏప్రిల్‌లో మా మేనేజర్ నన్ను గాజు గదిలోకి పిలిచి, నాకు మరో మెట్టు దక్కిందని చెప్పాడు. "ఏం మారుతుంది సార్?" అని అడిగాను. "మెయిల్ కింద నీ హోదా మారుతుంది," అన్నాడు. నవ్వుతాడేమోనని మొహంలోకి చూశాను. నవ్వలేదు సరికదా, కళ్ళు కూడా చెమర్చినట్టున్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు నెలలు నోటీసు ఇచ్చి, రెండు సూట్‌కేసులతో పేటలో బస్సు దిగాను.

ఇప్పుడు నేను చేసే పనికి మొదలు మా వీధి చివర విత్తనాల కొట్టు. కొట్టు బాబాయి ఏటా తొలకరికి మైకు ఆటో తిప్పుతాడు. ఆ ఏడు ఆయనకి ప్రకటనలు చదివే మనిషికి గొంతు పోయింది. నేను ఖాళీగా కూర్చోవటం చూశాడు, కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. "నువ్వు చిన్నప్పుడు మీ చర్చిలో బైబిలు గంట కొట్టినట్టు చదివేదానివి కదమ్మా, ఇది కూడా అట్టా చదివి పెట్టు," అన్నాడు. ఫోన్లో చదివి పంపాను. ఆటో నకరికల్లు వైపు తిరిగొచ్చిన రెండో రోజు రైతులు కొట్టుకొచ్చి, "ఆ అమ్మాయి చెప్పిన పత్తి గింజలియ్యి," అన్నారట. బాబాయి ఆ మాట బజారంతా చెప్పుకున్నాడు. అంతే, ఎరువుల కొట్లు, చీరల మేళాలు, కోచింగ్ సెంటర్లు, పళ్ళ డాక్టర్లు, అందరూ వరస కట్టారు.

పెద్ద స్టూడియో ఏమీ లేదు. బీరువా రెండు తలుపులూ తెరిచి, ఇంట్లో ఉన్న బొంతలన్నీ చుట్టూ వేలాడదీసి, మధ్యలో మంచి మైకు ఒకటి పెట్టుకుని కూర్చుంటాను. ఫ్యాను చప్పుడు పడుతుందని అది కూడా ఆపేస్తాను. మే నెలలో పల్నాడులో ఫ్యానాపి బొంతల మధ్య కూర్చుని "చల్లచల్లని కూలర్లు" అని హాయిగా చదవాలి. మా అమ్మ తలుపు సందులోంచి చూసి, "బాలింత కూడా ఇంత ఉక్కలో ఉండదే," అనేది.

స్వతంత్రంగా బతకటం గురించి ఫోన్లో కుర్రకారుకి పాఠాలు చెప్పేవాళ్ళు ఉంటారు కదా, మీకు మీరే యజమాని అంటూ. వాళ్ళని ఒక్క వారం నా బొంతల మధ్య కూర్చోబెట్టాలి. హైదరాబాదులో నాకు యజమాని ఒక్కడే. ఇక్కడ ఫోనెత్తితే యజమాని. "మేడం, గొంతులో కొంచెం నవ్వు కలపండి," అంటాడు చీరలాయన. "నవ్వు ఎక్కువైంది, నమ్మరు," అంటాడు పురుగుమందులాయన. కోచింగ్ సెంటరాయనకైతే భయం కావాలి, పిల్లల తల్లిదండ్రులు ఉలిక్కిపడాలట. అయినా సాయంత్రం నా గొంతు వీధిలోంచి వెళ్తుంటే, గుమ్మంలో కూరగాయలు తరిగే ఆడవాళ్ళు కత్తిపీట ఆపి వింటారు. నా బాణాలు చూసి అక్కడ ఒక్కళ్ళూ ఏదీ ఆపలేదు. నాకు ఈ పని ఇష్టం. మొహమాటం లేకుండా చెప్తున్నాను, ప్రాణం.

మా నాన్నకి మాత్రం తల కొట్టేసినట్టయింది. నేను వచ్చిన రెండో ఆదివారమే కవరు వేశాడు. అయ్యగారు చదివారు: "మా అమ్మాయికి కంపెనీ వారు ఇంటి నుండే ఉద్యోగం చేసుకొను అవకాశమిచ్చినందుకు." ఆమెన్. మనుషులకి అబద్ధం చెప్పేవాళ్ళని చూశాను. దేవుడికే కవర్లో పెట్టి, పైన అందమైన దస్తూరీతో రాసి ఇచ్చినవాణ్ణి మా నాన్ననే చూశాను. అది మొదలు మూడు నాలుగు నెలలకొకసారి అదే కవరు, అదే ఆమెన్.

పోనీ ఎవరికైనా తెలీదా అంటే, తెలియనివాళ్ళు లేరు. నా గొంతు రోజూ వాళ్ళ గుమ్మాల ముందు నుంచే పోతుంది. అయ్యగారు కూడా గురువారం నాడు నాకు ఫోన్ చేసి, "సువార్త సభల ప్రకటన కాస్త మహిమగా చదువమ్మా," అని చెప్పి, ఆదివారం నాడు అదే నోటితో కంపెనీ కవరు చదివేవారు. గొంతు ఎవరిదో అందరికీ తెలుసు, కవరు మీద ఏముందో అందరికీ తెలుసు, ఆ రెండూ ఒక్కచోట కలవకుండా సంఘమంతా జాగ్రత్తగా కాపలా కాసింది.

ఒకసారి కలవనే కలిశాయి. నాన్నతో పనిచేసిన లెక్కల మాస్టారు చానా ఏళ్ళ తర్వాత వినుకొండ నుంచి చూడటానికి వచ్చాడు. వరండాలో కూర్చున్నారు. నేను టీ తెచ్చి, "పంచదార సరిపోయిందా మామయ్యా?" అని అడిగాను. నాన్న అప్పటికే మొదలుపెట్టాడు. "కంపెనీవాళ్ళు వదిలితేగా మాస్టారూ. నువ్వు లేకపోతే కుదరదు, ఇంటికాడ నుంచే చూడమన్నారు."

సరిగ్గా అప్పుడే వీధి మొదట్లోంచి నేనే వచ్చాను. "అమ్మలారా! అక్కలారా! మీ ఇంట్లో పాత కుక్కరుందా? మూత పట్టటం లేదా? విజిల్ రావటం లేదా? దిగులు పడకండి! పాతది ఇచ్చి కొత్తది పట్టుకెళ్ళండి!"

లెక్కల మాస్టారు టీ గ్లాసు పట్టుకుని చెవి ఒగ్గాడు. "ఈ గొంతు ఎక్కడో విన్నట్టుందే," అన్నాడు.

"ఊళ్ళో ఈ ఆటోల గోల ఎక్కువైపోయింది మాస్టారూ," అంటూ నాన్న లేచిపోయి టీవీ పెట్టి, సౌండ్ పెంచాడు. నేను గోడకానుకుని పెదవి కొరుక్కుని నిలబడ్డాను. మాస్టారు వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ నా దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, "నిజంగానే పాత కుక్కరు తీసుకుంటారా అమ్మా? మా ఇంట్లో రెండున్నాయి," అన్నాడు.

నవ్వొచ్చింది నిజమే. కానీ ఆ టీవీ సౌండ్ పెంచటం నా గుండెలో ముల్లులా దిగింది. నాకు హోదా అక్కర్లేదు, సన్మానం అక్కర్లేదు. మా నాన్న నలుగురిలో ఒక్కసారి, "ఆ గొంతు మా అమ్మాయిది," అంటే చాలు. నాలుగేళ్ళు ఆ ఒక్క మాట కోసం చూశాను. పైకి మాత్రం ఎగతాళి చేస్తూ తిరిగాను.

ఈ మధ్య చావు కబుర్లు కూడా నా దగ్గరకే వస్తున్నాయి. మా ఊళ్ళో మనిషి పోతే ఆటోలో మైకు పెట్టి, పేరు, అంత్యక్రియల వేళ చెప్పిస్తారు. అందులో పోయినవాళ్ళకి ఒక్క వాక్యం దక్కుతుంది. మిగతాదంతా పెద్దకొడుకు ఇంజినీరు, చిన్నకొడుకు బ్యాంకు, అల్లుడు బెంగళూరు. పోయింది ఎవరో తెలుసుకోవాలంటే ఆటో వెంట పరిగెత్తాలి.

మొన్న ఎండాకాలంలో బస్టాండు ఎదుట ఇడ్లీలు అమ్మే మామ్మ పోయింది. ముప్పై ఏళ్ళు ఒకే చోట, ఒకే పొయ్యి. వాళ్ళబ్బాయి పొద్దున్నే కాగితంతో వచ్చాడు. దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో డిప్యూటీ మేనేజర్. కాగితంలో మొదటి మూడు లైన్లు ఆయన హోదా. నాలుగో లైన్లో "వీరి మాతృమూర్తి, గృహిణి" అని ఉంది.

"ఇడ్లీల మాట లేదేంది సార్?" అన్నాను.

"అదెందుకు మేడం ఇప్పుడు? మా ఆఫీసోళ్ళు వస్తారు. బాగుండదు."

"సార్, పోయింది మీరా, మీ అమ్మగారా?"

ఆయన మొహం ఎర్రబడింది. నాకూ నోరు ఆగలేదు. "గృహిణి అంటే ఎవరనుకుంటారు సార్? ఊళ్ళో ప్రతి ఇంట్లో గృహిణే. మీ అమ్మగారు పోయిందని ఊరికి తెలియాలా, మీరు డిప్యూటీ మేనేజరని తెలియాలా?" ఆయన గడియారం చూసుకున్నాడు. తర్వాత, "టైం లేదు, ఏదో ఒకటి చదవండి," అని కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

చదివాను. "బస్టాండు ఎదుట ముప్పై ఏళ్ళు మనకి ఇడ్లీలు పెట్టిన మామ్మ ఈ ఉదయం కన్నుమూసింది," అని మొదలుపెట్టాను. హోదా మూడు లైన్లూ చివర్లో పెట్టాను, తీసెయ్యలేదు. సాయంత్రం శవయాత్రకి కండక్టర్లు, డ్రైవర్లు, మిర్చి యార్డు హమాలీలు, ఎప్పుడో అక్కడ అప్పు పెట్టి తిని కాలేజీ చదువుకున్నవాళ్ళు, బజారు పట్టనంత మంది వచ్చారు. ఆఫీసువాళ్ళు ఇరుక్కుని ఒక మూల నిలబడ్డారట. ఆ డిప్యూటీ మేనేజరు కండక్టర్ల చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడని చెప్పారు.

నాన్న కూడా వెళ్ళొచ్చాడు. స్కూలుకి బస్సెక్కే రోజుల్లో ఆయన పొద్దుటి టిఫిను అక్కడే. కాళ్ళు కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చుని, "ఆ కబురు బాగా చదివావే," అన్నాడు. నాలుగేళ్ళలో అదే మొదటిసారి. నేను సంతోషపడి ఊరుకోవచ్చు. ఊరుకుంటే నేనెందుకవుతాను?

"నేనెక్కడ చదివాను నాన్నా? నేను కంపెనీ పనిలో ఉన్నాగా. కవరు మీద రాశావుగా," అన్నాను. ఆగలేదు, ఇంకా అన్నాను. "ఆయన వాళ్ళమ్మ ఇడ్లీలు దాచాడు, నువ్వు కూతురి గొంతు దాచావు. ఆయన ఒక్క పూట దాచాడు, నువ్వు నాలుగేళ్ళు."

అమ్మ వంటింట్లోంచి, "ఏమే, ఇక చాల్లే," అంది.

నాన్న కోపం తెచ్చుకోలేదు. కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. స్కూల్లో తప్పు చేసిన పిల్లల్ని నిలబెట్టి అడిగే గొంతుతో నెమ్మదిగా అడిగాడు. "సరే. నేను అబద్ధం రాశా. అది చదివిన ప్రతిసారీ నువ్వు ఆడవాళ్ళ వైపు కూర్చుని ఏం జేశావు?"

జవాబు కూడా ఆయనే చెప్పాడు.

"ఆమెన్ అన్నావు. అందరికన్నా నీ గొంతే గట్టిగా వినపడింది. నువ్వు అనకుండా ఉంటే, ఆ రోజే నాకు సిగ్గేసేది. నీకు నీ పనంటే అంత ఇదైతే, ఆ ఆమెన్ ఎందుకన్నట్టు?"

ఊరందరి నోళ్ళు మూయించే నోరు అప్పుడు మూతపడిపోయింది. నిజం చెప్పాలంటే, నాకు కూడా ఆ కవరు హాయిగానే ఉండేది. బ్యాంకు ఫారంలో వృత్తి అని ఉన్నచోట నేను "ఇతరములు" మీద టిక్కు పెడతాను. విజిటింగ్ కార్డు మీద "కమ్యూనికేషన్స్ కన్సల్టెంట్" అని అచ్చేయించుకున్నాను. అదీ ఒక అబద్ధమే, దానికి కవరు ఒక్కటే తక్కువ.

తర్వాత మూడు ఆదివారాలు మా ఇంటి నుంచి కవరు పోలేదు. నాన్న నాతో మామూలుగానే మాట్లాడుతున్నాడు, ఆ ఊసు మాత్రం ఎత్తటం లేదు. అబద్ధం మానేశాడు, నిజం రాయటానికి చెయ్యి రావటం లేదు, ఇక ఇంతేలే అనుకున్నాను.

నాలుగో ఆదివారం అయ్యగారు కవర్లు చదువుతున్నారు. ఒకరికి బోరులో నీళ్ళు పడ్డాయి. ఆమెన్. ఒకరి కోడలికి సుఖ ప్రసవం. ఆమెన్. తర్వాత కవరు తీసి, లోపల్లోపల చదువుకుని, ఆగిపోయారు. ఒకసారి మగవాళ్ళ వైపు చూశారు. గొంతు సవరించుకుని చదివారు.

"మా అమ్మాయి మైకు ఆటోలకు ప్రకటనలు చదువుతున్నది. నాలుగేళ్ళుగా చదువుతున్నది. ఇంతవరకు ఇక్కడ నేను రాసినవి నిజం కావు, దేవుడు క్షమించును గాక. ఆమెకి ఇచ్చిన గొంతు కోసం, ఆ గొంతు చెప్పిన ప్రతి కబురు కోసం, కుక్కర్లతో సహా, కృతజ్ఞతతో."

వెనకాల ఎవరో నవ్వారు. ఆ నవ్వుతోనే ఆమెన్ మొదలై, మగవాళ్ళ వైపు, ఆడవాళ్ళ వైపు, పిల్లల వైపు పాకి, ఎప్పుడూ విననంత గట్టిగా గోడలకి తగిలింది. నేను నోరు తెరిచాను. చీరలు, కూలర్లు, పత్తి గింజలు అమ్మిన గొంతు, రెండక్షరాలు కూడా పలకలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించేసుకున్నాను.

నడవ అవతల, మగవాళ్ళ మొదటి వరసలోంచి మా నాన్న వెనక్కి తిరిగి చూశాడు. మైకు అక్కర్లేని హెడ్మాస్టరు గొంతుతో, చర్చి అంతా వినేలా అడిగాడు.

"ఏమే, ఇప్పుడు అనవేంది?"