సమాధానం వస్తుందన్నాను

నా తెలుగు బడిలో నేర్చుకున్నది కాదు. జార్జియాలోని కమ్మింగ్‌లో పుట్టి పెరిగాను. అమ్మ తెలుగులో కేకలేస్తే నేను ఇంగ్లీషులో జవాబిచ్చేదాన్ని. నాన్న మాత్రం రోజూ పొద్దున ఆరింటికి మమ్మల్నందరినీ సోఫాలో వరుసగా కూర్చోబెట్టి తెలుగు లేఖనాలు తలా రెండు వచనాలు చదివించేవారు. నా తెలుగంతా అక్కడిదే. అందువల్ల ఇరవయ్యేళ్ళ వయసులో నాకు ‘కృతజ్ఞతాస్తుతులు’ అని తప్పులేకుండా రాయడం వచ్చు. కొట్లో బెండకాయలు ఎక్కడున్నాయో అడగాలంటే మాత్రం వేలు చూపించాల్సిందే.

మాది మోర్మన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. మా సంఘంలో కుర్రాళ్ళూ అమ్మాయిలూ చదువు మధ్యలో కాస్త ఆపి మిషనరీలుగా వెళ్తారు. అమ్మాయిలకు పద్దెనిమిది నెలలు. ఫలానా చోటికి పంపండని అడగం, పంపిన చోటికి సంతోషంగా వెళ్తాం. నన్ను నార్త్ కరోలినా పంపారు. అక్కడ మోరిస్‌విల్‌లో అపార్ట్‌మెంట్ల నిండా తెలుగువాళ్ళే. దరఖాస్తులో తెలుగు చదవగలను, రాయగలను, మాట్లాడగలను అన్న మూడు గళ్ళలోనూ నేనే టిక్కు పెట్టాను. మూడోదాని దగ్గర కాస్త ఆలోచించి ఉండాల్సింది.

మిషనరీ ఒంటరిగా తిరగకూడదు. ఎప్పుడూ పక్కనుండే మనిషిని కంపానియన్ అంటాం. నా కంపానియన్ ఐడహోలో బంగాళాదుంపలు పండించే ఇంటి పిల్ల. నేను నేర్పిన నాలుగు ముక్కల తెలుగుని గొప్ప ధైర్యంగా వాడేది. ‘ఏమండీ’ అన్నది గౌరవంగా పిలిచే మాట అని చెప్పడం నా తప్పే. ఒకరింట్లో ఆ ఇంటాయన్ని మూడుసార్లు ఏమండీ, ఏమండీ అని పిలిచేసరికి ఇల్లాలు నవ్వాపుకోలేక, "ఆ పిలుపు నాదమ్మా. నువ్వు అంకుల్ అను, చాలు" అంది.

నేను చెప్పబోయే వారం కూడా అన్ని వారాల్లాగే బట్టలుతుక్కోవడంతో మొదలైంది. సోమవారం మాకు సొంత పనుల రోజు. ఇంటికి ఫోన్ చేసుకుని, సరుకుల కోసం ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాం. మా బ్యాడ్జి మీద ఇంటిపేరుకు ముందు ‘సిస్టర్’ అని ఉంటుంది. పప్పుల వరుసలో ఒక పెద్దావిడ అది చదివి నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టరా? ఏ హాస్పిటలమ్మా?"

"హాస్పిటల్ కాదు ఆంటీ, చర్చి."

"చర్చి హాస్పిటలా? మంచిదే. మా ఆయనకి బీపీ మాత్ర మార్చారు. పొద్దున వేసుకోవాలా, రాత్రి వేసుకోవాలా?"

డాక్టరునే అడగమన్నాను. "ఆయన ఫోనెత్తితే నిన్నెందుకు అడుగుతాను?" అని విసుక్కుని, కందిపప్పు బుట్టలో వేసుకుని వెళ్ళిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం తలుపులు తట్టే పని. మూడో అంతస్తులో ఒక గుమ్మానికి ప్లాస్టిక్ మామిడి తోరణం కనిపించింది. తెలుగు గుమ్మం దొరికిందంటే మాట్లాడేది నేను. నా దగ్గర చిన్నప్పటి నుంచీ సోఫాలో చదివిన వాక్యం ఒకటి సిద్ధంగా ఉంది: మీ ఇంటికి సమాధానం కలుగును గాక. చర్చి తెలుగులో సమాధానం అంటే మనశ్శాంతి. బయట మామూలు తెలుగులో ఆ మాటకి ప్రశ్నకిచ్చే జవాబనే అర్థమని నాకు ఆ రోజుకి తెలియదు. ఇంట్లో మేం జవాబుని జవాబనే అనేవాళ్ళం మరి.

ముప్పయ్యేళ్ళు దాటిన ఆవిడ తలుపు సగం తెరిచింది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"నమస్కారం ఆంటీ. మీ ఇంటికి దేవుని సమాధానం కలుగును గాక."

"ఏమన్నవ్?"

"మీ ఇంటికి సమాధానం వస్తుందని చెప్పడానికి వచ్చాం."

తలుపు పూర్తిగా తెరుచుకుంది. "నిజంగనా? నీకెట్ల తెలుసు?"

"దేవుడు మాటిచ్చాడు. ఎవరు అడిగినా ఇస్తాడు."

"ఎప్పుడొస్తది? సండే లోపల వస్తదా?"

మిషన్‌కి వచ్చి ఏడాది అవుతోంది. అంత ఆత్రంగా అడిగినవాళ్ళు ఒక్కరు లేరు. నా గుండె పొంగిపోయింది. "సండే దాకా ఎందుకు? ఇవాళే రావచ్చు. మనసు పెట్టి అడగాలి, అంతే."

"రోజూ అడుగుతనే ఉన్న కదమ్మా!" అంటూ ఆమె వంటగది గోడమీదున్న క్యాలెండర్ వైపు చూసింది. "లోపలికి రండి, కూసోండి. ఇంకొకటి, ఆంటీ ఏంది? నాకు థర్టీ టూ. అక్కా అను."

టీ పెట్టబోయింది. మా సంఘంలో తాగరు, వద్దన్నాం. కాఫీ పెడతానంది. అదీ వద్దన్నాం. "టీ వద్దు, కాఫీ వద్దు. మరి ఎట్ల బతుకుతున్నరే?" అని మజ్జిగ ఇచ్చింది. భర్తకి ఉద్యోగం పోయిందని చెప్పింది. ఉద్యోగం మీద ఇచ్చే వీసాతో ఉన్నవాళ్ళకి కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి అరవై రోజులే గడువు. అందులో మూడు వారాలు మిగిలాయి. కొత్త కంపెనీ కాగితాలు పెట్టడానికే రెండు వారాలు కావాలి. ఈ వారంలో తేలకపోతే ఇల్లు ఖాళీ చేసి ఇండియా వెళ్ళాల్సిందే.

"మస్తు టెన్షన్‌ల ఉన్నం" అంది.

"అందుకే మీకు సమాధానం కావాలి అక్కా."

"అదే కదా నేననేది!"

ఇద్దరం ఒకరి చేతులొకరం పట్టుకుని తృప్తిగా నవ్వుకున్నాం. అంతలో ఆమె భర్త లోపలి గదిలోంచి వచ్చాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద నిక్కరు. వీడియో ఇంటర్వ్యూ అప్పుడే అయినట్టుంది. మాకు హలో చెప్పి, నీళ్ళ సీసా తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మెట్లు దిగుతూ నా కంపానియన్ అడిగింది, "నువ్వు పీస్ గురించి చెప్తుంటే ఆవిడ క్యాలెండర్ ఎందుకు చూసింది?"

"ఆత్రం" అన్నాను గర్వంగా.

బుధవారం చర్చి హాల్లో ఇంగ్లీషు క్లాసు చెప్పాం. గురువారం నా కంపానియన్ అరటిపండు బ్రెడ్ చేసింది. ఒక ముక్క పట్టుకుని మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాం. అక్క ముఖం కళకళలాడుతోంది. కళ్ళ కింద నలుపు తగ్గింది. కూర్చోకముందే మొదలుపెట్టింది.

"నీకు చెప్పాలె. ఒమాహాల ఒక చిన్న కంపెనీ ఆఫర్ ఇచ్చింది. సాలరీ తక్కువ. రేపు ఈవినింగ్ ఫైవ్ లోపల యెస్సో నో చెప్పమన్నరు. ఈయన యెస్ అంటనన్నడు. నేనే నో చెప్పమన్న. ఇక్కడ పెద్ద కంపెనీల మూడు రౌండ్లు అయినయి, వాళ్ళ నుంచి సమాధానం వస్తదని నువ్వన్నవ్ కదా, ఈ వారంలనే."

"సమాధానం అంటే..." అన్నాను.

"వాళ్ళ ఆన్సర్. ఇంకేంది?"

చేతిలోని బ్రెడ్ బల్ల మీద పెట్టాను. అప్పుడే చెప్పేయాలి. చెప్పలేదు. ఆమె అంత సంతోషంగా ఉంటే నోరు రాలేదు. వేరే వాళ్ళని కలవాలని సాకు చెప్పి బయటపడ్డాను.

కార్‌లో విషయమంతా చెప్పాను. నా కంపానియన్ తాళం తిప్పబోయి ఆపేసింది.

"మరి వెళ్ళి చెప్పు."

"ఒకవేళ దేవుడే ఆ మాట నా నోట పెట్టి ఉంటే? నిజంగానే ఆ కంపెనీ వాళ్ళు ఫోన్ చేస్తే? ఇప్పుడు కాదన్నానంటే నమ్మకం లేనట్టు కాదా?"

తను తాళం తీసి ఒళ్ళో పెట్టుకుంది. "దేవుడు వాళ్ళకి ఉద్యోగం గురించి చెప్పాలనుకుంటే రిక్రూటర్ చేత చెప్పిస్తాడు. నీకు తెలుగు సరిగ్గా రాకపోవడం మీద ఆధారపడడు."

నాకు కోపం వచ్చింది. ఎందుకంటే నా భయం దేవుడి గురించి కాదు. దేవుడి పేరు చెప్పి మెప్పు పొందాను, అది పోతుందని భయం. నేను తలుపు తట్టినందుకు ఎవరైనా అంత సంతోషించడం అదే మొదటిసారి.

శుక్రవారం పొద్దున చదువుకునే వేళ పుస్తకం తెరిచాను. దేవుడు చెప్పమనని మాటని దేవుడి పేరుతో చెప్పినవాళ్ళ సంగతి లేఖనాల్లో చాలాచోట్ల ఉంది. చిన్నప్పుడు సోఫాలో అవి చదువుతూ, ఆ మనుషులంతా గడ్డాలు పెంచుకున్న ముసలివాళ్ళని ఊహించుకునేదాన్ని. పూల స్కర్టు వేసుకున్న ఇరవయ్యేళ్ళ పిల్ల కూడా అయ్యుండొచ్చని ఎప్పుడూ తట్టలేదు. మోకాళ్ళ మీద కూర్చుని క్షమించమని అడిగాను. ధైర్యం ఇవ్వమని కూడా అడిగాను.

ఆ రోజు మిషనరీల మీటింగ్ మూడున్నరకి గానీ వదల్లేదు. మేం మూడో అంతస్తు ఎక్కేసరికి నాలుగుంబావు. తలుపు భర్తే తీశాడు. అక్క సోఫాలో ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చుని ఉంది.

"అన్నయ్యా, ఒమాహా వాళ్ళకి నో చెప్పేశారా?"

"ఏమ్మా, నీకెందుకు?"

"చెప్పకండి. నేనన్న సమాధానం అది కాదు. మా చర్చిలో సమాధానం అంటే పీస్. పీస్ ఆఫ్ మైండ్. ఆ కంపెనీ గురించి నాకేమీ తెలియదు. దేవుడు నాకేమీ చెప్పలేదు. మీరు వేరేగా అనుకున్నారని నిన్ననే తెలిసింది, అయినా చెప్పకుండా వెళ్ళిపోయాను. క్షమించండి."

ఆయన గోడకి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"అంటే, పీస్ వస్తుందని చెప్పి మూడు రోజులుగా మా ఇంట్లో పీస్ లేకుండా చేశావన్నమాట! ఒమాహా ఒప్పుకుందామని నేను, దేవుడు మాటిచ్చాడని ఈవిడ, ఒకటే గొడవ."

"నవ్వకు" అంది అక్క. నా వైపు తిరిగింది. "పీస్‌ని శాంతి అంటరు. చిన్న పిల్లలకు కూడా తెలుసు. దేవుని పేరు పెట్టి ఇట్ల ఆడుకుంటవా? నెలన్నర నుంచి నిద్ర లేదు నాకు. నువ్వు చెప్పినవని ఈ మూడు రాత్రులు పడుకున్న, తెలుసా?"

తెలియదు. నేను కోరుకున్న సమాధానం ఆమెకు నిజంగానే దొరికింది, మూడు రాత్రులు. అదీ నా తప్పు మాట మీద నిలబడింది.

"మెయిల్ పంపేశారా?" అని నా కంపానియన్ ఇంగ్లీషులో ఆయన్ని అడిగింది.

"డ్రాఫ్ట్‌లో ఉంది. పొద్దున్నుంచి నాలుగుసార్లు తెరిచాను. పంపడానికి చెయ్యి రాలేదు."

అక్క ఆయన వైపు చూడకుండానే అంది, "ఏం చూస్తున్నవ్? కాల్ చెయ్. ఫైవ్ అంటే వాళ్ళ టైమా, మన టైమా?"

ఆయన అప్పటికే నంబరు నొక్కుతున్నాడు. అవతల ఒకమ్మాయి ఎత్తింది. ఒప్పుకుంటున్నానని ఆయన రెండుసార్లు చెప్పాడు. సోమవారం కాగితాలు మొదలుపెడతామని ఆమె అనడం మాకందరికీ వినిపించింది. ఫోన్ పెట్టేసేసరికి అక్క లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మేం చప్పుడు చేయకుండా మెట్లు దిగాం.

శనివారం సంఘంలోని ఒక ముసలాయన పెరట్లో ఆకులు ఊడ్చాం. నా ముఖం చూసి ఆయన, "ఆకులు నీకేం చేశాయమ్మా, అంత గట్టిగా కొడుతున్నావు?" అన్నాడు. ఆదివారం ఆరాధనలో అందరితో కలిసి పాడాను. పాట మధ్యలో అక్క నిద్రపోయిందో లేదో అనుకుంటూ రెండో చరణం బదులు మూడోది అందుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి ఫోన్ మోగింది. అక్క.

"ఖాళీగున్నరా? ఒకసారి రండి."

వెళ్ళాం. హాల్లో రెండు అట్టపెట్టెలు తెరిచి ఉన్నాయి. ఒక దానిలో అప్పుడే ప్రెషర్ కుక్కర్ సర్దారు. పెద్ద కంపెనీ నుంచి అప్పటికీ ఏ కబురూ లేదట. ఒమాహాలో మంచు ఎంత పడుతుందో ఇద్దరూ ఫోన్‌లో చూస్తూ దిగులుపడుతున్నారు. అక్క నాకు కుర్చీ చూపించింది. మజ్జిగ కూడా ఇచ్చింది. కానీ ముఖం ఇంకా ముడుచుకునే ఉంది.

"నీ మీద కోపం పోలేదు" అంది. "పోతది. టైం పడుతది."

"సరే అక్కా."

"మా దేవుడు మాకున్నడు. మీ చర్చికి రాము. కానీ వచ్చి తప్పు ఒప్పుకున్నవ్ కదా, నువ్వడిగితే దేవుడు వింటడేమో అనిపించింది. మాకోసం ఒకసారి ప్రార్థన చేస్తవా?"

తల వంచి, చేతులు కట్టుకున్నాను. అలవాటు కొద్దీ తెలుగులో మొదలుపెట్టబోయాను.

"ఆగు, ఆగు" అంది అక్క. "నీ తెలుగు వద్దు. ఇంగ్లీషుల చెయ్. ఏం అడుగుతున్నవో నాకు తెలియాలె."

అన్నయ్య మళ్ళీ నవ్వాడు. నా కంపానియన్ నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది. నేను ఇంగ్లీషులోనే అడిగాను: కాగితాలు సకాలంలో అందాలని, అంత దూరం కారు క్షేమంగా చేరాలని, కొత్త ఊళ్ళో మంచి పొరుగువాళ్ళు దొరకాలని. ఆపబోతుంటే అక్క కళ్ళు మూసుకునే నా మోచేతిని తట్టింది.

"నిద్ర" అంది మెల్లగా. "నిద్ర కూడా అడుగు."

అడిగాను.