మడిలో ఉబ్బిన అడుగులు

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఈ పూట కూడా లేదు. అందుకే ఈ సంగతి నన్నింత విసిగిస్తోంది.

బంకమట్టి నీటిలో ఎలా ఉబ్బుతుందన్నది నా పరిశోధన. మట్టిని చేత్తో ముట్టుకోను. కంప్యూటర్లో ఒక ఊహా పెట్టె గీసి, అందులో రెండు మట్టి పొరలు పెట్టి, మధ్యన సోడియం అయాన్లు, నీటి అణువులు చేర్చి, పొరలు ఎంత దూరం జరుగుతాయో లెక్కిస్తాను.

నౌపడ దగ్గర మా మావయ్యకు ఒకే ఒక్క ఉప్పు మడి ఉంది. ఏటా ఉప్పు కాలానికి ముందు మడి అడుగున మట్టిని తడిపి, రోజుల తరబడి కాళ్లతో తొక్కాలి. లేకపోతే ఉప్పునీరు నేలలోకి ఇంకిపోతుంది, ఆ ఏడు ఉప్పు లేనట్టే. ఆ తొక్కుడు పని నలభై ఏళ్లు మా అమ్మమ్మది. పార తగిలి చిన్నప్పుడే ఆమె ఎడమ కాలి చిటికెన వేలు పోయింది. కిందటి వానాకాలంలో ఆమె చనిపోయింది. మావయ్యకేమో మోకాళ్ల నొప్పులు.

కాబట్టి సలహా ఇచ్చాను. ఒకటి, పాత మట్టి చెక్కేయాలి. రెండు, కాలువ అవతల ఎవరూ నడవని చోటు నుంచి కొత్త మట్టి తేవాలి. మూడు, పరిచి ఒకసారి రోలర్ తిప్పితే చాలు, మట్టి తానే ఉబ్బి సందులు మూసేస్తుంది.

"సదువుకున్నోడివి. నువ్వు సెప్పినట్టే కానీ అల్లుడూ" అన్నాడు మావయ్య.

నీరు పెట్టాం. రెండు రోజుల్లో ఇంకిపోయింది. మళ్లీ పెట్టాం, మళ్లీ పోయింది. నా తప్పు అప్పుడు తట్టింది. నా లెక్కలన్నీ మంచినీటివి. ఉప్పునీటిలో మట్టి అంతగా ఉబ్బదు. పెట్టెలో చిటికెడు ఉప్పు వేయకుండా ఉప్పు మడికి సలహా ఇచ్చాను!

"అల్లుడి కంప్యూటర్లో మట్టేమో ఉబ్బినాది, మన మడిలో నీరేమో పోనాది" అంది అత్త. మావయ్య మూడోసారి నీరు పెట్టడానికి వెళ్లిపోయాడు.

మూడోసారి కూడా నీరు ఇంకిన రోజు, పట్టపగలు, గట్టు మీద కూర్చుని ఖాళీ మడిని చూస్తున్నాను. నున్నటి తడిమట్టి. ఆగ్నేయ మూల అది పాదాల ఆకారంలో ఉబ్బడం మొదలైంది. అవి కిందికి దిగిన అడుగులు కావు, పైకి లేచిన అడుగులు. మడమ, అరికాలు, వేళ్లు. ఒకదాని పక్కన ఒకటి, వరసగా. ముప్పై ఒకటి లెక్కపెట్టాను. స్కేలుతో కొలిస్తే ఎత్తు మూడు మిల్లీమీటర్లు. ప్రతి ఎడమ పాదానికీ నాలుగే వేళ్లు.

తొక్కి గట్టిపడిన మట్టి తడిస్తే ఎక్కువ ఉబ్బుతుంది, నిజమే. కానీ ఈ మట్టిని ఎవరూ తొక్కలేదు. నా సలహాయే అది కదా! ఫోటోలు తీశాను. తడి మీద ఎండ పడి అన్నిట్లోనూ ఉత్త మెరుపే.

పరుగెత్తి మావయ్యను తీసుకొచ్చాను. కనీసం ఆశ్చర్యంతో నోరు తెరుస్తాడనుకున్నాను.

"ఏ మూల్నించి మొదలెట్టినాది?" అని మాత్రం అడిగాడు. చూపించాను. లుంగీ ఎగ్గట్టాడు. "అమ్మ ఎప్పుడూ ఆ మూల్నించే. సూస్తావేటి, దిగు. ముసిల్ది ఒక్కర్తీ ఎంతకని తొక్కుతాది?"

"ఆగు మావా, ఇంకా కొలవాలి" అంటుండగానే మొదటి అడుగు మీద కాలు వేసేశాడు.

నాలుగు రోజులు తొక్కాం. ఈసారి నీరు నిలిచింది, ఉప్పు తేలింది. అందులో వింతేమీ లేదు, తొక్కితే నిలుస్తుంది.

తర్వాత నా పెట్టెలో ఉప్పు వేశాను, పొరలను ఒత్తి చూశాను, అయాన్లు మార్చాను. మట్టి ఎందుకు ఉబ్బుతుందో ఎన్ని పేజీలైనా రాయగలను. ఆ మట్టి ఆ మూల, నాలుగు వేళ్లతో ఎందుకు ఉబ్బిందో మాత్రం ఇప్పటికీ ఒక్క వాక్యం రాయలేకపోతున్నాను.