గేటు బయట మామయ్య

మా మామయ్యకి చుట్టాలు పెట్టిన పేరు తొట్టి మామయ్య. ఆయన రొయ్యల చెరువుల గేటు దగ్గర ఒక మందునీళ్ళ తొట్టి ఉంటుంది. అందులో కాళ్ళు ముంచి ముప్పై లెక్కపెట్టందే ఎవరినీ గట్టు మీదికి రానివ్వడు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతను ఓసారి, "నేను చెరువులోకి దూకను కదండీ" అని మొరపెట్టుకున్నాడు.

"దూకేట్టయితే నిలువునా ముంచేవాణ్ణి. కాళ్ళతో పోయింది, సంతోషించు" అన్నాడు మామయ్య.

మూడు చెరువులకీ ఎరుపు, నీలం, పసుపు అని మూడు రంగుల బకెట్లు, వేటి వలలు వాటికే. ఎర్ర బకెట్టు నీలం చెరువు గట్టున కనిపించిందా, ఆ పూట ఇంట్లో ఎవరికీ మాటలుండవు. పీతలు పాకి రాకుండా గట్ల చుట్టూ వల కంచె, కొంగలు వాలకుండా పైన దారాలు. నేను సైన్సు చదివినదాన్ని, నా ఎనిమిది నెలల పిల్లకి పాలసీసా మూడుసార్లు మరిగించేదాన్ని. అలాంటి నాకే ఆయనది కాస్త అతి అనిపించేది.

ఆ ఏడు నేను పిల్లతో వాళ్ళింట్లో ఉండగా పక్క చెరువులో తెల్లమచ్చ రోగం దిగింది. ఆ చెరువు అత్తయ్య తమ్ముడిది. రొయ్యలు మేత మానేసి గట్టు వారకి చేరాయి, పెంకుల మీద తెల్లటి చుక్కలు. ఆ వైరస్‌కి మందు లేదు. సోకితే వారంలో చెరువు ఖాళీ.

"బావా!" అని అతను పెట్టిన కేకకి మామయ్య ఉన్నపళంగా పరుగెత్తాడు. ముందు తూము మూయించి, ఆ నీళ్ళు కాలవలోకి పోకుండా ఆపాడు. తర్వాత నడుంలోతు నీళ్ళలో దిగి చచ్చిన రొయ్యల్ని ఏరి, బ్లీచింగ్ చల్లి గోతిలో పూడ్పించాడు. సాయంత్రం తన గేటు మీద చెయ్యి వేయబోయి ఆగిపోయాడు. జుట్టులో, గోళ్ళలో అంతా ఆ చెరువు నీళ్ళే. లోపల అరవై రోజుల రొయ్యలు. ఇంకో నెలలో పట్టి అమ్మేవి.

"అక్కడి పని తీరేదాకా నేను లోపలికి రాను" అన్నాడు.

"స్నానం చేసి రావచ్చుగా?" అంది అత్తయ్య.

"రోజూ అక్కడికి వెళ్ళాలి, వాడొక్కడివల్ల కాదు. ఏదో ఒకరోజు తొందరలో మర్చిపోతాను. నన్ను నేను నమ్మను."

"ముప్పై ఏళ్ళుగా నేను చెప్తున్నది అదే!"

పన్నెండు రోజులు ఆయన రోడ్డు మీంచే వ్యవసాయం చేశాడు. గట్టు మీద పనంతా అత్తయ్యది.

"ట్రే ఎత్తి చూశావా? మేత మిగిలిందా?"

"మిగల్లేదు. మీకంటే నయం, పెట్టింది మాట్లాడకుండా తింటున్నాయి."

"ఏ బకెట్టు తీసుకున్నావ్?"

"గొంతు చించుకోకండి, రొయ్యలు దడుచుకుంటాయి!"

ఒకనాడు బావమరిది వచ్చి పక్కన నిలబడ్డాడు. 'మీ రొయ్యలకి సబ్బు కూడా పెడతారా బావా' అని పోయినేడు నవ్విన మనిషి. గొంతు తగ్గించి, "స్నేహితుడి దగ్గర వల అడిగి తెచ్చాను బావా. ఆ తడి వలే చెరువులో దించాను. ఆరబెట్టలేదు, కడగలేదు" అన్నాడు.

మామయ్య తిడతాడనుకున్నాను. "వచ్చే పంటకి నీకూ రంగు బకెట్లు కొందాం. ఎరుపు, నీలం, పసుపు మాత్రం నావి" అన్నాడంతే.

పదమూడో రోజుకి పక్క చెరువు పని తీరింది. పరీక్షకి పంపిన మా రొయ్యల గురించి ల్యాబు నుంచి కబురొచ్చింది. మూడు చెరువుల్లోనూ వైరస్ లేదు. మామయ్య తలంటుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, పెళ్ళిచూపులకొచ్చినట్టు గేటు దగ్గర నిలబడ్డాడు. అత్తయ్య తొట్టి చూపించింది. ఆయన కాళ్ళు ముంచి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టి, గట్టు మీదికి కాలెత్తాడు.

"ఇరవై ఆరే అయింది" అంది అత్తయ్య.

మామయ్య కాలు మళ్ళీ తొట్టిలో పెట్టాడు.

"పైకి వినపడేలా, ఒకటి నుంచి."

"ఒకటి... రెండు..." అని ఆయన మొదలెట్టాడు. వెనకాల బావమరిది ప్యాంటు మడుచుకుంటూ తన వంతుకోసం నిలబడ్డాడు.