సార్ చెప్పనివ్వని అబద్ధం

తలుపు అవతల ఒక ప్రాణం ఉంది. చిన్న అబద్ధం ఒకటి చెప్తే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఆ అబద్ధం చెప్పకుండా ఉండే హక్కు మనకు ఉందా? ఈ ప్రశ్నను నేను చాలా ఏళ్లుగా మోస్తున్నాను. దాని మీద నాతో వాదించే ఒకే ఒక్క మనిషి పోయిన నెల వెళ్లిపోయారు.

కాలేజీకి బయల్దేరుతుంటే ఫోన్ వచ్చింది. సార్ దగ్గర శిక్షణ తీసుకున్న మహిళా కానిస్టేబుల్.

"మేడం, సార్ లేడు."

"ఎట్లా?"

"పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడట. గట్లనే పోయిండు. ఎవ్వర్నీ తిప్పలపెట్టలే."

నేను సార్ అంటున్నది బడిలో నాకు పాఠం చెప్పిన మనిషిని కాదు. ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై ఇబ్రహీంపట్నంలో ఉండేవారు. ఎవరినో పట్టుకుని గదిలో గొళ్లెం పెట్టుకున్నవాళ్లతో, దూకుతానని ట్యాంకు ఎక్కినవాళ్లతో ఎలా మాట్లాడాలో పోలీసులకు నేర్పేవారు. ఆ పనికి పెద్ద ఇంగ్లీషు పేరు ఉంది. సార్ మాత్రం "తలుపు కాడి పని" అనేవారు.

సార్ పరిచయం అయ్యేనాటికి నేను సాగర్ రోడ్డు మీది ఒక కాలేజీలో సైకాలజీ చెప్తున్నాను. ఒకరోజు సార్ మా స్టాఫ్ రూంలోకి వచ్చి, కూర్చోకముందే అడిగారు.

"లెక్చరరమ్మా, నీకు కోపం వస్తదా?"

"వస్తుంది సార్."

"మస్తు వస్తదా?"

"అప్పుడప్పుడు."

"అయితే నువ్వు నాకు పనికొస్తవ్."

నా పని తలుపు వెనక కూర్చోవడం. ముహూర్తాలు లేని నెలల్లో ఒక ఫంక్షన్ హాల్ యజమాని సార్ మీది గౌరవంతో హాలు వాడుకోనిచ్చేవాడు. పెళ్లికూతురిని తయారుచేసే గదిలో నేను గొళ్లెం పెట్టుకుని కూర్చునేదాన్ని. అద్దానికి ఎవరివో బొట్టుబిళ్లలు అతికించి ఉండేవి. ఒకరోజు నేను అప్పుల్లో మునిగిన రైతును, ఇంకోరోజు ఉద్యోగం పోయిన డ్రైవరును. బయట కానిస్టేబుళ్లు వంతులవారీగా నన్ను బయటికి రప్పించాలి.

మొదటి రోజు ఒకాయన తలుపు మీద గుద్ది "ఏయ్, తీస్తవా తియ్యవా?" అన్నాడు.

"తియ్యను పో," అన్నాను.

అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు. "తమ్మీ, అది స్టేషన్ తలుపు కాదు. ఈ తలుపుకు గొళ్లెం లోపల ఉన్నది. లోపలోడే ఇప్పుడు నీకు ఆఫీసరు," అన్నారు.

మాట్లాడే ముందు సార్ చేతి గడియారం విప్పి జేబులో వేసుకునేవారు, శిష్యుల చేత కూడా విప్పించేవారు. నేల మీద కూర్చోమనేవారు. నిలబడితే గొంతులో పోలీసు వస్తాడట. మాట్లాడేది ఒక్కరే, పక్కన చెవిలో చెప్పేది ఒక్కరే, మిగతావాళ్లు నోరు విప్పకూడదు. "ఫికర్ చెయ్యకు" అనే మాట ఆయన దగ్గర నిషిద్ధం. "వాడు ఫికర్ చేసుడు కోసమే లోపలికి పోయిండు. అది గుంజుకుంటవా? ఏం ఫికరో అడుగు ముందుగాల." ఇంకో మాట కూడా తరచూ అనేవారు: "నీ చేతిల లేనిది ఎవ్వనికీ ఇయ్యకు."

వాళ్లందరికీ సార్, నేను కలిసి ఒక పద్ధతి అలవాటు చేశాం. మగవాడైతే "అన్నా" అని మొదలుపెట్టాలి. గొంతు దానంతటదే మెత్తబడుతుంది. పెళ్లికూతురి గదిలో నా మీద అది ప్రతిసారీ పనిచేసింది.

అవి ఊరంతా ఒక్క ఊపులో ఉన్న ఏళ్లు. ఆదిభట్ల వైపు కంపెనీ బస్సులు, రోడ్డు పొడవునా వెంచర్ల జెండాలు. తుర్కయాంజాల్‌లో మా వంటింటి కిటికీలోంచి కనిపించే జొన్నచేను ఏడాది తిరిగేసరికి హద్దు కడీలు పాతిన ప్లాట్లయింది. భూమికి రేటు వచ్చిన ఇళ్లలో అన్నదమ్ముల మధ్య మాటలు తగ్గడం నేను చూస్తూనే ఉన్నాను.

ఒక మధ్యాహ్నం శిక్షణ సగంలో ఉండగా ఎస్సై దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. మల్లేశ్ అనే రైతు తన అన్నను పొలం దగ్గరి మోటరు రూంలోకి తీసుకుపోయి లోపల గొళ్లెం పెట్టాడు. చేతిలో కొడవలి ఉంది. ఉమ్మడి భూమిని అన్న తనకు చెప్పకుండా వెంచర్‌కు అమ్మాడని కోపం. అందరం ఒకే వ్యాన్‌లో పోయాం. మాట్లాడడానికి సార్ ఆ మహిళా కానిస్టేబుల్‌ను ఎంచుకున్నారు. ఆమె తలుపు ముందు నేల మీద కూర్చుంది. సార్ ఆమె పక్కన, నేను సార్ వెనక.

ఆమె మేం నేర్పినట్టే మొదలుపెట్టింది. "అన్నా, జర నా మాట..."

లోపల్నుంచి అరుపు. "అన్న అనకు! అన్న అనిపించుకున్నోడు నా ముందల్నే కూసున్నడు! ఇంకోపారి అన్నవంటే ఈడ్నే నరుకుత!"

సార్ ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. "తప్పు మనది. ఒప్పుకో," అన్నారు ఆమె చెవిలో.

"తప్పయింది," అన్నది ఆమె. "నిన్ను ఏమని పిల్వాలె?"

ఈసారి గొంతు తలుపు దగ్గరి నుంచే వచ్చింది.

"పేరు పెట్టి పిలువు. మల్లేశ్."

అక్కడి నుంచి అతను మాట్లాడటం మొదలుపెట్టాడు. బాపు తవ్విన బాయి పూడ్చేశారని, ఆ సంగతి తనకు జేసీబీ డ్రైవర్ చెప్పాడని. "మా అన్న చెప్పలే. జేసీబీ డ్రైవర్ చెప్పిండు," అని మళ్లీ మళ్లీ అన్నాడు. ఆమె ఆ మాటనే తిప్పి అన్నది, "సొంత అన్న చెప్పలే. బయటోడు చెప్పిండు." గొంతు దిగుతున్నది. అప్పుడు అడిగాడు.

"నేను తలుపు తీస్తే మా అన్న నాతోని మాట్లాడ్తడా? మునుపటి లెక్క?"

ఆమె సార్ వైపు చూసింది. "మాట్లాడ్తడు" అంటే చాలు, గొళ్లెం తీస్తాడు. అది అక్కడున్న అందరికీ తెలుసు. నేను సార్ భుజం పట్టుకున్నాను. "చెప్పమనండి సార్. ఒక్క మాటే కదా." సార్ తల అడ్డంగా ఊపారు.

"మల్లేశ్, అది నా చేతిల లేదు," అన్నది ఆమె. "నాకు తెల్వదు. బయటికొస్తే నిన్ను ఎవ్వర్నీ కొట్టనియ్య. అది నా చేతిల ఉన్నది. గంతే చెప్పగల్గుత."

లోపల ఏదో కింద పడింది. పెనుగులాట. అన్న కేక. ఎస్సై తలుపు పగలగొట్టడానికి లేచాడు, సార్ చెయ్యి అడ్డం పెట్టారు. తర్వాత గొళ్లెం చప్పుడైంది.

మల్లేశ్ ఉత్త చేతులతో వచ్చాడు. వెనక అన్న, తువ్వాలలో చుట్టిన అరచేతితో. తన మీదికి వచ్చిన కొడవలిని చేత్తో పట్టుకుని ఆపాడు. ప్రాణాలు నిలిచాయి గానీ, దవాఖానలో కుట్లు వేసినా రెండు వేళ్లు మళ్లీ వంగలేదు.

వ్యాన్‌లో నేను ఊరుకోలేదు. "ఆ ఒక్క మాట అనుంటే ఆయన వేళ్లు పోయేవి కావు సార్."

"అవ్. పోయేటియి కావు. అది నా మీదనే ఉంటది," అన్నారు. తప్పించుకోలేదు. కాసేపటికి మళ్లీ అన్నారు. "రేపు ఈ పిల్ల ఇంకో తలుపు ముందల కూసుంటది. ఆమె మాట మీద తీసినోడు మోసపోయిండని ఊర్ల తెలిస్తే ఎవడు తీస్తడు?"

"రేపటి వాడి కోసం ఇవాళ్టి వాడి వేళ్లా?"

"నువ్వు ఇడ్లీనా దోశనా అంటే కూడ సెమినార్ పెడ్తవ్, లెక్చరరమ్మా," అన్నారు. కానీ ఆ రోజు ఆయన నవ్వలేదు.

ఆయన అన్నది జరిగింది కూడా. తర్వాత ఎప్పుడో నీళ్ల ట్యాంకు ఎక్కిన ఒక మనిషి పైనుంచి ఆమెను అడిగాడట, "మోటరు రూం కాడ మాట్లాడింది నువ్వేనా?" అవునన్నది. "గట్లయితే నువ్వొక్కదానివే మీదికి రా," అన్నాడట. అతను ఆమె వెనకే మెట్లు దిగి వచ్చాడు. ఆ సంగతి సార్ ఫోన్‌లో చెప్పారు. నేను "మీరే గెలిచారు" అనేదాకా ఫోన్ పెట్టలేదు.

ఆ తలుపు నుంచి మొదలుకొని మా శిక్షణ మారిపోయింది. "అన్నా"తో ఎవరూ మొదలుపెట్టరు. ముందు ఇంటి సంగతి కనుక్కుంటారు, తర్వాత ఏమని పిలవాలో మనిషినే అడుగుతారు. ఇవాళ ఈ ప్రాంతంలో తలుపుల ముందు కూర్చునేవాళ్లలో చాలామంది సార్ చేతి కింద తయారైనవాళ్లే. వాళ్లు బాగా చేస్తారు. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. సందేహాల మనిషిని కాబట్టి ఈ మాట మీరు నమ్మవచ్చు.

సార్ దశదినకర్మ రోజు ఇంటి ముందు టెంట్ వేశారు. అన్నదమ్ములిద్దరూ వచ్చారు, వేరువేరుగా. మల్లేశ్ జైలుకు పోయి వచ్చాక కూడా సార్ అతని ఇంటికి పోయేవారని ఆ రోజే తెలిసింది. ఇద్దరికీ ఇప్పటికీ మాటలు లేవని కూడా ఆ రోజే తెలిసింది.

"అక్కా, సార్ ఆనాడు ఆమెతోని అబద్ధం చెప్పిస్తే నేను తలుపు తీసేటోన్ని," అన్నాడు మల్లేశ్ నాతో. "తర్వాత మా అన్న మాట్లాడకపోయేటోడు. నేను మళ్ల ఇంకో కొడవలి పట్టుకునేటోన్నేమో. ఎవరికెర్క?"

భోజనాలప్పుడు అన్న ఒక వరసలో, తమ్ముడు ఎదురు వరసలో కూర్చున్నారు. వంగని ఆ రెండు వేళ్లతో అన్న పప్పన్నం కలుపుతున్నాడు, మెతుకులు విస్తరి బయట పడుతున్నాయి. మల్లేశ్ లేచి, వడ్డించేవాళ్ల దగ్గర్నుంచి చెంబు తీసుకుని, అన్న గ్లాసులో నీళ్లు పోసి, పోయి తన చోట కూర్చున్నాడు. అన్న తల ఎత్తలేదు. గ్లాసు మాత్రం దగ్గరికి జరుపుకున్నాడు.

నేను ఆ నీళ్లనూ చూశాను, ఆ వేళ్లనూ చూశాను. ఆ రోజు సార్ ఆ ఒక్క మాట చెప్పనిచ్చి ఉండాల్సిందా లేదా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.