ఊఁ రాని పేరు

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు కరెంటు పోయింది. రంగూన్‌లో అది ఎవరూ చెప్పుకునే సంగతి కాదు. ఫ్యాను ఇంకో రెండు మూడు చుట్లు తిరిగి ఆగింది. నేను గడియారం చూసుకున్నది కూడా, ఎప్పుడు పోయిందో తెలిస్తే మళ్ళీ ఎప్పుడొస్తుందో అంచనా కట్టుకోవచ్చని మాత్రమే.

దయ్యాల మీద నాకు భయం లేదు, ఆసక్తి కూడా లేదు. నా భార్య వరాలు తల్లి బర్మా మనిషి. ఆ అలవాటు కొద్దీ వరాలు మా ఇంట్లో ఒక మూల, ఇంటిని కాచే దేవుడికని ఎర్రగుడ్డ కట్టిన కొబ్బరికాయ వేలాడదీసేది. నేను ముప్పై ఏళ్ళపాటు దాన్ని కొబ్బరికాయగానే చూశాను. ఆమె పోయాక కూడా అలాగే చూశాను. ఆమె కలలోకైనా రాలేదు. జరిగిన సంగతి విన్నవాళ్ళు, దుఃఖంలో ఉన్న మనిషి భ్రమ అంటారు. మొదట నేనూ అదే అనుకున్నాను. అది ఎక్కడ సరిపోలేదో కింద రాస్తున్నాను.

నేను ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పి బతికినవాణ్ణి. పిల్లలు తగ్గాక పాత రికార్డులు చూసిపెట్టే పనిలో పడ్డాను. రంగూన్‌లో పుట్టి, లేదా ఇక్కడే పోయి, సమాధైన తమ పూర్వీకుల కోసం పైదేశాలవాళ్ళు రాస్తుంటారు. యుద్ధంలో చాలా రిజిస్టర్లు కాలిపోయాయి. మిగిలినవాటిలో కొన్ని చిమిండైంగ్ పేటలో నది ఒడ్డున ఉన్న ఒక పాత చర్చి గదిలో ఉన్నాయి. అక్కడికి వెళ్ళి, చూసి, నకలు రాసి పంపుతాను. ఈ కథలోవాళ్ళ పేర్లు మార్చాను.

మేము పని చేసే పద్ధతి ఒకటుండేది. నేను రిజిస్టరు ముందు కూర్చుని పైకి చదివేవాణ్ణి. వరాలు పక్క కుర్చీలో నకలు పట్టుకుని కూర్చునేది. నేను చదివింది, ఆమె చేతిలో ఉన్నది ఒకటే అయితే "ఊఁ" అనేది. కథ వినే పిల్లలు ఊఁ కొట్టినట్టే. తేడా ఉంటే ఊరుకునేది. నేను వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసుకోవాలి.

"తప్పని నోటితో చెప్పొచ్చు కదా" అన్నాను ఒకసారి.

"తప్పంతే మీకు కోపమొస్తాది. ఊరుకుంతే మీకే తెలుస్తాది. అదే మేలు" అంది.

ఎలినార్ గారు అమెరికాలో ఉండే పెద్దావిడ, ఎనభై దాటిన మనిషి. ఆమె కుటుంబం, అమెరికా ఇంకా ఇంగ్లీషువాళ్ళ వలసగా ఉన్న రోజుల నుంచి లెక్క ఉన్న కుటుంబం. మొదటివాడు ఏ ఊళ్ళో దిగాడో, ఎవరిని పెళ్ళాడాడో అన్నీ రాసి ఉన్నాయి. ఆ వంశంలో ఒకాయన మిషన్ అచ్చుకూటం నడపడానికి భార్యతో రంగూన్ వచ్చాడు. ఇక్కడ వాళ్ళకు అబిగైల్ అనే కూతురు పుట్టింది. ఆ అబిగైల్ తన ముత్తవ్వ అని ఎలినార్ గారు చిన్నప్పటి నుంచీ విన్న మాట. దాయాదులు మాత్రం ఒప్పుకోలేదు. అబిగైల్ వాళ్ళు బర్మాలో చేరదీసిన ఎవరో అనాథపిల్ల అనీ, ఎలినార్ శాఖ అసలు తమ రక్తమే కాదనీ అనేవాళ్ళు. పండగ బల్ల దగ్గర నవ్వుతూ అనేవాళ్ళట. ఇప్పుడు వాళ్ళంతా ఒకచోట కలవబోతున్నారు, వంశవృక్షం అచ్చు వేయబోతున్నారు. అందులో తన పేరు ఉండాలా వద్దా అన్నది రంగూన్ రికార్డు మీద ఉంది. అబిగైల్ ఇక్కడ ఆ తల్లికి పుట్టిందని తేలితే వెనక ఉన్న తరాలన్నీ ఎలినార్ గారివి. తేలకపోతే ఒక్కటీ ఆమెది కాదు.

నేను చూశాను. జననాల పుస్తకంలో అబిగైల్ ఉంది. తల్లిదండ్రుల పేర్లు సరిపోయాయి. కొన్ని పేజీల తర్వాత మళ్ళీ అదే అబిగైల్, అదే తల్లిదండ్రులు. ఆ రెండో వరుసలో తేదీ ఉన్న చోటు చెదలు తినేశాయి. ఖననాల పుస్తకంలో అబిగైల్, అదే దంపతుల కూతురు, ఏడాది బిడ్డ.

రెండో వరుస గుమాస్తా పొరపాటున మళ్ళీ ఎక్కించిన నకలు అని నేను తేల్చేశాను. ఆ పుస్తకంలో అలాంటి నకళ్ళు ఇంకా ఉన్నాయి. కానీ నేను అంత ధైర్యంగా తేల్చడానికి కారణం అది కాదు. మా ఇళ్ళలో ఒక బిడ్డ పోయాక పుట్టిన బిడ్డకు పెంటయ్య అనో పుల్లమ్మ అనో పెడతారు. చావు కంట్లో పడకుండా దాచుకునే పేరు అది. మా నాన్న పేరే పెంటయ్య. పోయిన బిడ్డ పేరును తర్వాతి బిడ్డకు మళ్ళీ పెట్టే తల్లి ఉంటుందని నాకు తట్టలేదు. తట్టకపోవడం వేరు, లేదనుకోవడం వేరు. నేను లేదనుకున్నాను.

అప్పటికి వరాలు ఆసుపత్రిలో ఉంది. అబిగైల్ వరుసలు రాసుకున్న ఆ నకలు కాగితం ఒక్కటే ఆమె చేతిలోకి వెళ్ళలేదు. వార్డు బయట బల్ల మీద కూర్చుని నేనే మనసులో చదువుకుని, నేనే సరిచూసుకుని, ఫోనులో రాసి పంపాను. 'అబిగైల్ ఏడాది వయసులోనే ఇక్కడ మరణించింది. కాబట్టి మీ ముత్తవ్వ ఆ దంపతుల కూతురు అయ్యే అవకాశం లేదు. విచారిస్తున్నాను.' ఆ 'కాబట్టి' అన్న మాట చూసుకుని కొంచెం గర్వపడ్డాను కూడా. బాధ కలిగినా నిజమే చెప్పాననుకున్నాను.

ఎలినార్ గారు రెండు ముక్కల్లో జవాబిచ్చారు. నిజాయితీగా చెప్పినందుకు కృతజ్ఞతలు, ఇక తాను ఆ కలయికకు వెళ్ళడం లేదు.

ఆ వారమే వరాలు పోయింది.

నాలుగు నెలల తర్వాత ఆ దాయాదుల్లో ఒకాయన రాశాడు. పుస్తకం అచ్చుకు వెళ్తోంది, రంగూన్ రికార్డులో తమ కుటుంబానికి సంబంధించిన ప్రతి వరుసా నకలు కావాలని. ఇంట్లో ఊరికే కూర్చోవడం కంటే మేలని ఒప్పుకున్నాను. నకలు పట్టుకునే మనిషి లేదు కనుక ఫోనులో రికార్డు పెట్టి పైకి చదవాలనుకున్నాను. ఇంటికెళ్ళి అది వింటూ రాసుకోవచ్చు.

చర్చి గది తాళాలు రూతమ్మ దగ్గర ఉంటాయి. మా తెలుగు మనిషే, చర్చి శుభ్రం చేస్తుంది. నన్ను సయా అంటుంది, అంటే పంతులుగారు.

"ఏటి సయా, మల్లీ ఒచ్చినారా? సచ్చినోల్ల పేర్లు సదివితే ఆల్లు మీకు జీతమిత్తారేటి?" అంది తలుపు తీస్తూ.

"బతికున్నవాళ్ళు ఇవ్వడం లేదుగా" అన్నాను. వరాలు పోయాక నేను నవ్వించడానికి అన్న మొదటి మాట అదేననుకుంటాను. ఆమె నవ్వి వరండాలో గుడ్డలు ఉతుక్కోవడానికి వెళ్ళింది.

చదవడం మొదలుపెట్టిన కాసేపటికి కరెంటు పోయింది. కిటికీ పక్కనే కూర్చున్నాను, వెలుతురు బాగానే ఉంది. ఆపలేదు. తండ్రి పేరు, తల్లి పేరు, పెద్దకొడుకు, రెండోవాడు, అబిగైల్. ఖననాల పుస్తకం తీసి బిడ్డ అబిగైల్. మళ్ళీ జననాల పుస్తకంలోకి వచ్చి, చెదలు తిన్న ఆ వరుస చదివాను. దాని కింద వేలితో చూపిస్తూ, 'ఇది ముందటి అబిగైల్ వరుసకే నకలు' అని కూడా ఫోనుకు వినబడేలా చెప్పాను.

చెప్పి ఆగాను.

ఆగి, ఎదురుచూశాను. తర్వాతి పేరుకు వెళ్ళలేదు. ఏదో రావాలి, రాలేదు. తల ఎత్తకుండానే "ఏం, తప్పా?" అన్నాను.

అప్పుడు తెలిసింది నేను ఎవరితో మాట్లాడుతున్నానో. పక్క కుర్చీలో నా గొడుగు ఉంది, ఇంకేమీ లేదు.

ఇక్కడ జాగ్రత్తగా రాయాలి. అంతకు ముందు పేర్ల దగ్గర ఊఁ వినబడుతోందని నేను గమనించలేదు. ఏళ్ళ తరబడి విన్న చప్పుడు అది, ఫ్యాను చప్పుడులా. ఆ ఒక్క వరుస దగ్గర రాకపోయేసరికి, దాని ముందు ప్రతి పేరుకూ వచ్చిందని తెలిసింది. వచ్చిందని ప్రమాణం చేయగలనా అంటే చేయలేను. రాలేదని మాత్రం చేయగలను.

లేచి వరండాలోకి వెళ్ళాను. నా మొహం ఎలా ఉందో తెలియదు. రూతమ్మ నన్ను చూసి పకపకా నవ్వింది.

"ఏటి సయా, మీరే సదివి మీరే ఊఁ కొట్టుకుంతన్నారు? సిన్నపిల్లడనాగ! నాకు నవ్వు ఆగనేదు."

"నువ్వు విన్నావా?"

"ఇనబడదేటి? కరెంతు పోయినాక మరీ ఇనబడ్డాది. పేరు, ఊఁ. పేరు, ఊఁ. సివర్న ఆపేసినారు."

"మగ గొంతా, ఆడ గొంతా?"

ఆమె నవ్వు ఆపి నా వైపు చూసింది. "ఊఁకి మగేటి, ఆడేటి సయా?" అంది. తర్వాత మెల్లగా, "టీ తాగుతారా?" అంది.

భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు. ఏ వరుస దగ్గర ఆగిందో నాకు తెలుసు. వరాలు చేతిలోకి వెళ్ళని కాగితంలోది అదే.

తిరిగి వెళ్ళి కూర్చున్నాను. ఈసారి నోరు మూసుకుని చూశాను. చెదలు తిన్న వరుసకు పైన ఉన్న బిడ్డ తేదీ, కింద ఉన్న బిడ్డ తేదీ చూశాను. రెండూ చిన్న అబిగైల్‌ను పూడ్చిన తర్వాతివే. నకలైతే గుమాస్తా ఆ వరుసను ఆ రెండింటి మధ్యకు ఎందుకు తెస్తాడు? తర్వాత, ఇంతకు ముందు నేను అవసరం లేదని తెరవని సభ్యుల పట్టిక తెరిచాను. అందులో అదే దంపతుల కూతురు అబిగైల్ పెద్దదయ్యాక చర్చిలో చేరినట్టు ఉంది. ఆ తల్లి పోయిన బిడ్డ పేరునే తర్వాతి బిడ్డకు పెట్టుకుంది. వాళ్ళలో అది మామూలేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. పేరును దాచడం మా పద్ధతి. పేరును వదలకపోవడం వాళ్ళ పద్ధతి. రెండిటి వెనకా ఒకే దుఃఖం ఉంది. దాని గురించి అంత తెలిసిన ఇంట్లో పుట్టి నేను దాన్ని గుర్తుపట్టలేదు.

ఇంటికి వచ్చి ఫోనులో రికార్డు విన్నాను. ఎక్కడా ఊఁ లేదు. నా గొంతే ఉంది. పేరు, తర్వాత కాస్త ఖాళీ. మళ్ళీ పేరు, మళ్ళీ అంతే ఖాళీ. అన్నీ ఒక ఊఁ పట్టేంత ఖాళీలు. దూరంగా రూతమ్మ గుడ్డలు బండకు కొట్టే చప్పుడు కూడా ఉంది. చెదల వరుస దగ్గర పెద్ద ఖాళీ, ఆ తర్వాత "ఏం, తప్పా?"

ఊఁ నేనే కొట్టి ఉంటే ఫోనులో ఉండాలి. ఎవరూ కొట్టకపోతే రూతమ్మ విని ఉండకూడదు. చాలాసార్లు ఆలోచించాను. నా మనసుకు లోలోపల ఆ తప్పు ముందే తెలిసి, అదే నన్ను ఆపిందని ఒక డాక్టరు మిత్రుడు అన్నాడు. కావచ్చు. నా మనసులోది వరండాలో గుడ్డలు ఉతికే మనిషికి ఎలా వినబడిందని అడిగితే, ఆవిడ సరదాకి అని ఉంటుందన్నాడు. రూతమ్మను మళ్ళీ అడిగాను. "మీకాడ నాకు సరదాలేటి?" అని కసిరింది.

ఆ సాయంత్రమే ఎలినార్ గారికీ దాయాదికీ కలిపి రాశాను. నేను పొరబడ్డాను, అబిగైల్ ఇద్దరు, మీ ముత్తవ్వ రెండో అబిగైల్, ఆ తల్లి కడుపున పుట్టినదే. పేజీల ఫోటోలు జత చేశాను. అచ్చు ఆపి దిద్దారు. ఎలినార్ గారు ఆ కలయికకు వెళ్ళారు. మొదటి ఉత్తరం తర్వాత ముత్తవ్వ ఫోటో గోడ మీంచి తీసేశానని, ఆ నాలుగు నెలలూ ఆ గోడ వైపు చూడలేకపోయానని అప్పుడు రాశారు. ఎనభై దాటాక నువ్వు ఎవరి బిడ్డవూ కావని చెప్పించుకోవడం ఎలా ఉంటుందో నేను ఊహించలేను. చెప్పింది నేను.

తప్పు ఎలా దొరికిందని ఆమె అడిగారు. మళ్ళీ సరిచూశానని రాశాను. ఒక చదువుకున్నవాడు రాయదగ్గ జవాబు అది. వాళ్ళ పుస్తకం మొదటి పేజీలో రంగూన్ పరిశోధకుడి శ్రద్ధకు కృతజ్ఞతలని నా పేరు అచ్చు వేశారు. ఒక కాపీ నాకూ పంపారు. వరాలు పేరు అందులో లేదు, ఎందుకంటే నేను చెప్పలేదు. ఆ పుస్తకాన్ని ఎవరికీ చూపించలేదు.

తర్వాత కొన్నాళ్ళు పని లేకపోయినా ఆ గదికి వెళ్ళాను. గొడుగు కింద పెట్టి, కుర్చీ ఖాళీగా ఉంచి పైకి చదివాను. ఏమీ రాలేదు. కరెంటు ఉన్నప్పుడు చదివాను, లేనప్పుడు చదివాను. ఒక రోజు కావాలని తప్పు చదివాను. ఎవరి బిడ్డనో ఇంకొక తల్లికి ఇచ్చాను. పోయినవాళ్ళను బతికించాను, బతికినవాళ్ళను పూడ్చాను. ఆమె ఊరుకుంటుందేమో, ఆ ఊరుకోవడం నాకు తెలుస్తుందేమో అని. తప్పు దగ్గర మౌనం. ఒప్పు దగ్గరా అదే మౌనం.

రూతమ్మ గుమ్మంలో నిలబడి ఎంతసేపు విందో తెలియదు. "పదండి సయా, తాళమేసెత్తాను" అంది. ఆ రోజు వెక్కిరించలేదు.

పని మానలేదు. ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, వెళ్తూనే ఉన్నాను. ఆ ఉదయం ఏం జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. రిజిస్టర్లు మాత్రం పైకి చదవడం లేదు.