దుబాయి క్యాసెట్టు రెండో పక్క

2023 ఎండాకాలం. కోరుట్లలో మా షాపు బోర్డు మీద కంప్యూటర్లు, సీసీ కెమెరాలు, నెట్‌వర్కింగ్ అని రాసి ఉంటుంది. ఒకప్పుడు అదే గదిలో మా నాన్న క్యాసెట్లలో పాటలు నింపి అమ్మేవాడు. ఆయన టేప్ డెక్కు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. తూకానికి వేసెయ్యమని మా ఆవిడ ఎన్నిసార్లు పోరినా నేను చెవిన పెట్టలేదు. ఆ మొండితనానికి ఆ ఏడు ఫలం దక్కింది, దాంతోపాటు అక్షింతలూ పడ్డాయి.

మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన మా ఊరి రమేశ్ ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. అందులో పన్నెండు క్యాసెట్లున్నాయి.

"పెండ్లి వీడియో పెన్‌డ్రైవ్‌ల ఉన్నది, పిల్లల ఫొటోలు పాత ఫోన్‌ల ఉన్నయి, నాయిన గొంతు గీ డబ్బల ఉన్నది. అన్ని ఒక్కకాడ పెట్టన్నా. టీవీల సూడాలె, అమ్మ ఫోన్‌ల ఇనాలె" అన్నాడు.

ఇలాంటి పనికి మేము వాడేది నాస్ అనే చిన్న పెట్టె. లోపల హార్డ్ డిస్కులుంటాయి. ఇంట్లోని రౌటర్‌కు తగిలిస్తే టీవీ, ఫోన్లు, పిల్లల ట్యాబ్ అన్నీ దానిలోంచే పాటలూ ఫొటోలూ తీసుకుంటాయి. వేరే ఊళ్లో ఉన్నవాళ్లకు కూడా ఒక ఖాతా ఇస్తే వాళ్ల ఫోన్‌లో తెరుచుకుంటుంది. ఇల్లంతటికీ ఒకటే బీరువా అన్నమాట.

రమేశ్ తండ్రి భూమయ్య దుబాయిలో కూలి పని చేసేవాడు. ఆయనకూ, భార్య నర్సవ్వకూ చదువు రాదు. అందుకని ఉత్తరాల బదులు క్యాసెట్టులో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ల చేత పంపేవాడు. రమేశ్‌కు నాలుగేళ్లున్నప్పుడు ఆయన అక్కడే పోయాడు. ఆ తర్వాత మూడు నెలలకు పద్మ పుట్టింది. ఆమె ఇప్పుడు సిరిసిల్లలో భర్తతో కలిసి మరమగ్గాల షెడ్డు నడుపుతోంది. క్యాసెట్లు నా దగ్గరకు వచ్చాయని తెలిసి ఫోన్ చేసింది.

"నాయినను నేను సూడనే లేదన్నా. ఆ పన్నెండిట్ల ఏడనన్న నా ముచ్చట ఉన్నదేమో జర సూడు."

మీరే వినండి, నేను వినను అని చెప్పాను. ఇంకొకరి ఇంటి మాటలు వినకూడదని నా నియమం. సౌండు తగ్గించేసి, రికార్డవుతోందో లేదో స్క్రీన్ మీద చూస్తాను, అంతే. పైగా మా నాన్న డెక్కు ఆటో రివర్సుది. ఒక పక్క అయిపోగానే దానంతటదే రెండో పక్కకు తిరుగుతుంది. కాబట్టి ఒక్కో క్యాసెట్టు ఒక్కో ఫైల్ అయింది. పని ఎంత సులువుగా అయిందో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆదివారం వాళ్లింట్లో పెట్టె బిగించాను. పద్మ పొద్దుటి బస్సుకే వచ్చింది. పక్కిళ్ల ఆడవాళ్లు బీడీలు చుట్టే చాటలు దింపేసి వచ్చి కూర్చున్నారు. టీవీలో భూమయ్య గొంతు వచ్చింది. అందరి పానాలు మంచిగున్నయా అని అడిగాడు. తల్లిని, రమేశ్‌ను, వాడకట్టులో వాళ్లను పేరుపేరునా పలకరించాడు. అరగంట పాటు ఏడ్చినవాళ్లు ఏడ్చారు, నవ్వినవాళ్లు నవ్వారు. పద్మ మాత్రం ప్రతి పేరూ వింటూ పెదవి బిగబట్టుకుని కూర్చుంది. తన ఊసు రాలేదు.

మాటలు ఆగాయి. అయిపోయిందనుకుని అందరూ లేవబోయారు. అప్పుడు అదే గొంతు బాగా తగ్గి, మళ్లీ వినిపించింది.

"నర్సా, అందరు పోయిండ్రా?"

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పిల్లలు రిమోట్ వెతికేలోపే నర్సవ్వ లేచి స్విచ్చి ఆపేసింది. బయటివాళ్లు వెళ్లేదాకా ఆగి, అన్నీ తీసెయ్యమని నాతో చెప్పింది. నాయినే గదా, మేం ఇంటె ఏమైతది అని రమేశ్ అడ్డుపడ్డాడు.

"మొదటి పక్క అందరిది, వాడకట్టంత ఇన్నరు. రెండో పక్క నేను తలుపేసుకొని ఇన్న. నీకు అయ్యనే, కాదంటలేను. గని నాకు మొగడు. ఆ పక్క నాది" అంది నర్సవ్వ.

ఆ రోజుల్లో దుబాయికి పోయినవాళ్ల ఇళ్లలో అదే పద్ధతట. మొదటి పక్క అయిపోయి టేప్ రికార్డర్ మీట టక్కుమనగానే పెద్దవాళ్లు, ఎవరూ చెప్పకుండానే, లేచి వెళ్లేవాళ్లు. ఇప్పుడు కూడా అలాగే ఆగుతుందని ఆమె నమ్మింది. క్యాసెట్ల షాపులో పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి తెలియదు. మేం అమ్మిన పాటలకు రెండు పక్కలూ అందరివే. నాకు తల తీసేసినట్టయింది. తీసెయ్యకుండా ఒక్కరోజు ఆగమని గడప దగ్గర పద్మ నన్ను బతిమాలింది.

మర్నాడు నర్సవ్వ పక్కనే కూర్చుని కంప్యూటర్ తెరిచాను. మాట ఉన్నచోట గీత ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది, పక్క మారేచోట చదునుగా ఉంటుంది. ఒక్క మాటా వినకుండా అక్కడ కోసెయ్యవచ్చు. రెండో పక్కలు ఆమె ఒక్కతే తెరిచేలా పిన్ నంబరు పెడతానన్నాను.

"నువ్వు తెరవాల్నంటె తెరవొస్తదా?" అని అడిగింది.

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అలా అడగలేదు. అబద్ధం చెప్పలేకపోయాను. "వస్తది పెద్దమ్మా. పెట్టె బిగించినోనికి అన్ని తలుపులు తెలుస్తయి."

"అయితె అందుల వద్దు."

రెండో పక్కలన్నీ రెండు మెమరీ కార్డుల్లో వేశాను. ఒకటి ఆమె ఫోన్‌లోకి, ఇంకొకటి ట్రంకుపెట్టెలోకి వెళ్లాయి. నాస్‌లోంచి, నా కంప్యూటర్‌లోంచి తీసేస్తుంటే ఆమె అద్దాలు పెట్టుకుని చూసింది. మొదటి పక్కలు మాత్రం అందరికీ ఉంచమంది.

రెండు వారాల తర్వాత ఒక్కతే మా షాపుకు వచ్చింది. ఫోన్ టేబుల్ మీద పెట్టి, పదకొండో క్యాసెట్టులో పన్నెండో నిమిషం దగ్గర ఒక్క ముక్క కొయ్యమంది. సౌండు తగ్గించబోయాను. ఇనకుంటె ఏడ కోస్తవ్, ఇను అంది.

"నర్సా, గీసారి ఆడపిల్లనే పుడుతదనిపిస్తున్నది. పుడితె పద్మ అని పెట్టు. నేను చెప్పిన్నని చెప్పకు, తనను అడగలేదని మా అమ్మ కోపానికొస్తది. నీకే తోచిందని చెప్పు."

కడుపుతో ఉన్న సంగతి పెద్దల ముందు ఎత్తడం అప్పట్లో సిగ్గు. అందుకే పద్మ ఊసు మొదటి పక్కల్లో ఎక్కడా రాలేదు.

"చెప్పకన్నడు, గందుకే ఇన్నేండ్లు చెప్పలే. అత్త పోయి మస్తు రోజులైంది. గిది అందరి దాంట్ల పెట్టు. నా బిడ్డకు పేరు పెట్టింది వాళ్ల నాయిననే అని అందరికి ఎరుక కావాలె" అంది నర్సవ్వ. ఆమె కళ్లు తుడుచుకుంది, నేనూ తుడుచుకున్నాను.

ఆ సాయంత్రం సిరిసిల్ల నుంచి పద్మ ఫోన్ చేసింది. ఎప్పుడు చేసినా వెనక మగ్గాల మోతకు మాట వినబడేది కాదు. ఆ రోజు చప్పుడే లేదు. "మగ్గాలన్ని బంద్ వెట్టిన అన్నా. ఇంకోసారి ఇనాలె" అంది.

వినకుండా ఉండటమే మర్యాద అనుకునేవాణ్ణి. ముందు అడగడం అంతకన్నా పెద్ద మర్యాద అని నర్సవ్వ దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ ఇంట్లో నాస్ బిగించినా, వైరు ముట్టుకోకముందే ఇందులో అందరిదీ కానిది ఏదైనా ఉందా అని అడుగుతాను. మొన్న మెట్‌పల్లిలో అలాగే అడిగితే ఆ ఇంటావిడ ఒక పెన్‌డ్రైవ్ వెనక్కి తీసుకుంది. అందులో ఏముందని నేను అడగలేదు.