మోటారు కాలింది నా టార్పాలిన్ వల్లే

నా పేరు దండు లచ్చవ్వ. వయసు డెబ్బై మూడని ఆధార్ కార్డు అంటుంది, ఇంకో రెండేళ్ళు ఎక్కువే ఉంటుందని నేనంటాను. ఊరు కేసముద్రం. మార్కెట్ యార్డు వెనక రెండు గదుల స్లాబు ఇల్లు. ఇంట్లో నేను, మా ముసలాయన, యార్డులో హమాలీ పని చేసే కొడుకు, కోడలు స్వరూప. నాకు చదువు రాదు. నేను చెబుతున్నాను, స్వరూప రాస్తోంది. నన్ను మంచిదాన్ని చేసి రాస్తే ఊరుకోనని ముందే చెప్పాను.

మానుకోటలో స్టేషన్ పక్క సందులో షాపు పెట్టుకున్న ఏసీ మెకానిక్ పోయిన నెల చనిపోయాడు. గుండెపోటు. యాభై ఏళ్ళు కూడా నిండలేదు. పొద్దున యార్డు నుంచి కొడుకు ఫోన్ చేసి చెబితే, కడుగుతున్న బియ్యం గిన్నె పక్కన పెట్టి గడప మీద కూలబడ్డాను. ఏడుపు తర్వాత వచ్చింది. మొదట వచ్చింది ఇంకో మాట: అమ్మయ్య, ఆయనకు చెప్పాల్సింది బతికుండగానే చెప్పాను. ఆ చెప్పాల్సింది ఏమిటో మీకూ తెలియాలనే ఈ కాగితం.

మీలాంటి ఇంటికి ఏసీ ఎందుకని అడిగేవాళ్ళున్నారు. మా ముసలాయన ఒక ఎండాకాలం యార్డులో మక్కజొన్నల కుప్పకు కావలి ఉండి ఎండదెబ్బకు పడిపోయాడు. వరంగల్ దవాఖానలో తొమ్మిది రోజులున్నాం. మళ్ళీ వేడి తగిలితే మనిషి దక్కడని డాక్టరమ్మ చెప్పింది. కొడుకు ఎవరో వాడిన ఏసీ కొని తెచ్చాడు. ఒక డబ్బా గదిలో గోడకు, ఇంకో డబ్బా పైన స్లాబు మీద.

స్లాబు మీద కోతుల రాజ్యం. పైపులకు చుట్టిన నల్ల స్పాంజి వారంలోనే పీకి పారేశాయి. డబ్బా మీదెక్కి ఊగేవి. యార్డు పక్కన బతికేవాళ్ళకు ఒకటే తెలుసు. విలువైన సరుకు ఆరుబయట ఉంటే టార్పాలిన్ కప్పాలి, తాడు బిగించాలి. మక్కలకైనా మిర్చికైనా అంతే. నేనూ అంతే చేశాను. ముందర ఫ్యాన్ జాలీ మాత్రం వదిలి, వెనకా పక్కలా నీలం టార్పాలిన్ చుట్టి ముడులేశాను. నా ముడి ఏ కోతీ విప్పలేకపోయిందని సంబరపడ్డాను.

నడి ఎండల్లో ఒకరోజు పై డబ్బాలో ఫ్యాన్ తిరగడం ఆగిపోయింది. గదిలోకి వేడిగాలి. మా ముసలాయన పెదవులు తడారిపోయాయి. ఒంటికి తడిగుడ్డ చుట్టి, విసనకర్రతో విసురుతూ కొడుకును తరిమాను. వాడు మానుకోట నుంచి ఈ మెకానిక్‌ను బండి మీద వెంటబెట్టుకొచ్చాడు.

సన్నటి మనిషి. స్లాబు మెట్ల కింద కూడా చెప్పులు విడిచాడు. ఊడదీసిన స్క్రూలు వేసుకోవడానికి ఒక స్టీలు గిన్నె అడిగాడు. పైకెక్కి చూసి నవ్వాడు.

"అవ్వ, దీన్ని ఎవలు గిట్ల మూట గట్టిండ్లు?"

"నేనే. కోతులు బతకనిస్తలేవు బిడ్డ."

"కోతులు బతకనిస్తలేవని నువ్వే సంపినవా? దీనికి ఎనక నుంచి గాలి గుంజుకుంటేనే పానం. ముక్కు మూసి ఉరుకుమంటె ఉరుకుతదా?"

ఆయనది ఒక పద్ధతి. ధర చెప్పి, మనం సరే అన్నాకే చెయ్యి పెట్టేవాడు. కెపాసిటర్ అనే చిన్న డబ్బీ పోయి ఉంటే మూడు వందల్లో తేలేదట, అది బాగానే ఉంది. ఫ్యాన్ మోటారే కాలింది. కొత్తదైతే మూడు వేల ఆరు వందలు, బిగించిన కూలి ఐదు వందలు. పాతదానికే రాగి తీగ మళ్ళీ చుట్టిస్తే పద్నాలుగు వందలు, కానీ రెండు రోజులు పడుతుంది. మంచం మీది మనిషిని చూపించి, రెండు రోజులు ఆగలేనన్నాను. "మరి కొత్తదే ఎయ్యి. మోసం జేస్తివో, మానుకోట దాంక ఉరికిచ్చి కొడత" అని కూడా అన్నాను. ఆయన తల ఊపి, కాలిన మోటారు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "పాత సామాను నీదే, కొత్త సామాను నీదే. నాది చేతి కూలే అవ్వ" అన్నాడు. ఎవరింట్లో పని చేసినా ఆ మాట అనేవాడని తర్వాత తెలిసింది.

టార్పాలిన్ విప్పి మడతపెట్టి, ఇక కట్టొద్దని మరీ మరీ చెప్పి పోయాడు. మూడో రోజు కోతుల మంద మళ్ళీ దిగింది. నాలుగు వేల సరుకు. నా ప్రాణం ఒప్పలేదు. మళ్ళీ కట్టాను.

నెల తిరగకుండానే మోటారు మళ్ళీ కాలింది.

ఇక్కడ నేను చేసిన పని ఉన్నదున్నట్టు రాయి స్వరూపా. నేను పైకెక్కి టార్పాలిన్ విప్పి గడ్డివాములో దాచాను. దాచి, యార్డు గేటు ముందున్న చాయ్ హోటల్‌కు పోయాను. అడ్తి వ్యాపారులు, హమాలీలు, రైతులు అందరూ ఉండే వేళ. "మానుకోటోడు దొంగ. కొత్త డబ్బల పాత మోటరు పెట్టి బిగిచ్చిండు" అని అరిచాను. నా గొంతు మీకు తెలియదు. రైలు కూతకు పోటీ వస్తుంది. ఆయన్ను పిలుద్దామనుకున్న మూడిళ్ళ వాళ్ళు ఆ రోజే మానుకున్నారు.

మాట ఆయనకు చేరింది. అయినా సాయంత్రానికి వచ్చాడు. చెప్పులు విడిచి, గిన్నె అడిగి, పైకి పోయాడు. మోటారు విప్పుతూ ఒక్కసారి వంగి, పైపుకు కరిగి అంటుకున్న నీలం టార్పాలిన్ ముక్కను గోటితో గీకి తీశాడు. ఇరుగుపొరుగు వాళ్ళు మెట్ల మీద నిలబడి చూస్తున్నారు. ఆయన ఆ ముక్కను జేబులో వేసుకున్నాడు. నా వైపు కూడా చూడలేదు. 

కిందికి వచ్చి ఒక్క మాటే అడిగాడు. "నీ పాతది నీ ఇంట్లనే ఉండె గద అవ్వ. మరి నేను బిగిచ్చిన పాతది ఎవలది?"

"ఇంకెవలదో!" అన్నాను. అంత పొగరు నాకు.

"గట్లనా. సరే" అని కాలిన మోటారు సంచిలో వేసుకొని పోయాడు. ఆయన భార్య షాపులో కూర్చుని తీగ చుట్టేది. రెండు రోజుల పని ఒక్క రోజులో చుట్టించి తెచ్చి బిగించాడు. రాగి తీగకు ఏడు వందలు తీసుకున్నాడు, కూలి ముట్టలేదు. దాంతోపాటు ఒక ఇనుప జాలీ బోను తెచ్చి, డబ్బాకు అన్ని వైపులా మూరెడు ఎడంగా నిలబెట్టాడు. "అందరు కోతులను బోన్ల పెడ్తరు. మనం మిషన్ను పెట్టినం. ఇగ గాలి అస్తది, కోతి రాదు" అన్నాడు.

ఆ ఎండాకాలం మా ముసలాయన బతికి బయటపడ్డాడు. గది చల్లగానే ఉండేది, నాకే అన్నం దిగలేదు. ఆయన తిరిగి తిట్టి ఉంటే దీటుగా తిట్టి మరిచిపోయేదాన్ని. ఆ జేబులో పోయిన ముక్క నన్ను నిలవనీయలేదు. బోను పెట్టి పోయిన మూడో రోజు మళ్ళీ అదే చాయ్ హోటల్‌కు, అదే వేళకు పోయాను. గడ్డివాములోంచి తీసిన టార్పాలిన్ బల్ల మీద పరిచాను. "తప్పు నాది. ఆయన ఇప్పి పోతె నేను మల్ల గట్టిన. మోటరు కొత్తదే" అన్నాను. ఒకరిద్దరు నవ్వారు. "లచ్చవ్వ తప్పొప్పుకున్నదంటె ఇయ్యాల వాన పడ్తది" అన్నాడు హోటల్ సత్తయ్య. నవ్వనిచ్చాను.

తర్వాత రైలెక్కి మానుకోట పోయి, షాపు ముందు నిలబడి ఆయనకూ చెప్పాను.

ఆయన నవ్వేశాడు. "నాకు ఎరికే గద అవ్వ. నువ్వు ఒప్పుకున్నవ్, కోతులే ఒప్పుకోలే."

ఆయన భార్య నవ్వలేదు. చుడుతున్న తీగ ఆపి, "నీ నోటికి మా మూడిండ్ల పని వాయె" అంది.

"ఊకోయే, పెద్దమనిషి" అన్నాడాయన.

"పెద్దమనిషైతె నోరు సుత పెద్దగుండాల్నా?"

ఆమె అన్నది న్యాయమే. ఆయన చాయ్ తెప్పించి తాగించి పంపాడు. ఆ తర్వాత ఏటా ఎండలు ముదరకముందే వచ్చి మా డబ్బా కడిగి పోయేవాడు. ఆయన పోయాడంటే నాకు దుఃఖమే, కానీ గుండె మీద బండ లేదు. ఆ చాయ్ ఆయన చేతుల నుంచే అందుకున్నాను.

ఐతే కర్మ నాడు ఆ ఇంటికి పోతే, పందిట్లో నా వెనక ఎవరో అంటున్నారు. "పాత మోటర్లు బిగిచ్చేటోడట గదా." అది నా మాటే. నేను వెనక్కి తీసుకున్నా అది ఆగలేదు, ఊళ్ళు తిరుగుతూనే ఉంది. ఆయన భార్య షాపు మూయనంటోంది. తీగ చుట్టడం ఆమెకు వచ్చు. ఇళ్ళకు పోయి బిగించడం కూడా ఆయన పక్కన చూసి నేర్చింది. కానీ దొంగ పేరు పడ్డ షాపును ఎవరు పిలుస్తారు? నా నోటి వల్ల ఆమె పొయ్యి ఆరితే, నేను ఆయనకు చెప్పుకున్న తప్పుకు విలువేముంది? అందుకని అప్పట్లో ఆయన్ను పిలవడం మానుకున్న ఆ మూడిళ్ళకూ నేనే నడిచిపోయాను. ఈ కాగితం షాపు గోడకు అంటించడానికి ఆమెకే ఇస్తున్నాను.

రెండిళ్ళ వాళ్ళు చూద్దామన్నారు. మూడో ఇంటి పంతులమ్మ మొన్న ఆమెను పిలిచింది. నేనూ వెంట పోయాను. ఆమె చీరకొంగు నడుముకు దోపి నిచ్చెనెక్కింది. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. కొత్త మోటారు బిగించి, స్విచ్ వెయ్యమని కేకేసింది. ఫ్యాన్ రెక్కలు ముందు మెల్లగా, ఒక్కొక్కటీ లెక్కపెట్టేట్టు కదిలాయి. తర్వాత కనిపించడం మానేశాయి. పని అయిపోయినా ఆమె దిగలేదు. ఆ వేడిగాలికి మొహం పెట్టి, కళ్ళు మూసుకుని, పై మెట్టు మీదనే నిలబడింది. నేను దిగమనలేదు. నిచ్చెన వదల్లేదు.

చదివించుకుని విన్నాను, స్వరూప ఏమీ కలపలేదు. నా ఎడమ బొటనవేలు కింద ఒత్తాను.

దండు లచ్చవ్వ, వేలిముద్ర

చూసినవాళ్ళు: చాయ్ హోటల్ సత్తయ్య, పక్కింటి కొమురమ్మ
రాసింది: కోడలు స్వరూప